కోదాడ నుంచి రావలసిన తెల్లబట్ట

పొద్దున్నే ఫోన్ మోగితే నాకు ఒళ్లు మండుతుంది. రిటైరైన వాడికి పనులు చెప్పేవాళ్లకు కొదవ ఉండదు. ఆ రోజు కూడా విసుక్కుంటూనే ఎత్తాను. అవతల సైదులు బాబాయి. పక్షవాతం వచ్చినప్పటి నుంచి ఆయన మాట సగం నోట్లోనే ఉండిపోతుంది, కానీ ఆ పొద్దు ప్రతి మాటా విడివిడిగా పలికాడు. "నర్సిములూ, మీ చిన్నమ్మ పోయిందిరా. నమాజ్ చేస్కుంట అట్లనే ఒరిగింది. జుహర్ నమాజ్ అయినంక మట్టి. నువ్వు జల్ది రా. బయల్దేరే ముందు కోదాడకు ఫోన్ చెయ్యి. కఫన్ ఆడికెల్లే రావాలె. ఆమె అడిగింది గదొక్కటే గదరా." అంతే, పెట్టేశాడు. సూర్యాపేటలో మా ఇంటి వరండాలో ఫోన్ పట్టుకొని అట్లాగే నిలబడిపోయాను. ఎవరు, ఎవరని మా ఆవిడ సుగుణ లోపలి నుంచి అడుగుతూనే ఉంది.

ఆమె పేరు మహబూబ్‌బీ. మా నాన్న తమ్ముడి భార్య. పిల్లలకు నోరు తిరగక బీచిన్నమ్మ అన్నాం, ఆ పేరే నిలిచిపోయింది. మాది పెన్‌పహాడ్ పక్కన చిన్న ఊరు, గొర్ల మందలున్న ఇల్లు. మా నాన్న తర్వాత పుట్టిన బిడ్డలు దక్కకపోతుంటే నాయనమ్మ జాన్‌పహాడ్ దర్గాకు మొక్కుకుందట. ఆ మొక్కు తర్వాత పుట్టి బతికినవాడు కాబట్టి బాబాయికి సైదులు అని పేరు పెట్టుకుంది. దర్గా పేరు కొడుక్కు పెట్టుకోవచ్చు, అక్కడికి బండి కట్టుకొని పోయి యాటను కోసి కందూరు చేయొచ్చు, ఫాతెహా ఇచ్చిన అన్నం కళ్లకద్దుకొని తినొచ్చు. ఆ కొడుకు సాయిబుల పిల్లను ఇంటికి తెచ్చుకుంటే మాత్రం కొంప మునిగిపోతుంది. మా ఇంటి న్యాయం అట్లా ఉండేది.

బాబాయి లారీ డ్రైవరు. కోదాడ వైపు నుంచి మిర్యాలగూడ మిల్లులకు వడ్లు తోలేవాడు. కోదాడలో హైవే మీద గఫూర్ అనే ఆయన టైర్ల షాపు. ఇద్దరూ ఒక కంచంలో తినేంత దోస్తులు. గఫూర్‌కు పగటి పూట అన్నం తెచ్చేది ఆయన చెల్లెలు. ఆ చెల్లెలే బీచిన్నమ్మ. ఇక చెప్పేదేముంది. ఒకరోజు వడ్ల లోడు మిల్లుకు చేరింది, డ్రైవరూ ఆ పిల్లా రిజిస్ట్రారు ఆఫీసుకు చేరారు. ఆయన మతం మారలేదు, ఆమె మారలేదు. చెల్లెలు చచ్చిపోయిందని గఫూర్ కోదాడలో నలుగురి ముందూ చెప్పాడట. మా నాయనమ్మ కూడా కొడుకు గురించి ఆ మాటే అన్నది గానీ, ఆమె పంతం ఏడాది నిలవలేదు. గఫూర్ పంతం నిలిచింది.

ఆడపిల్ల చనిపోతే కఫన్, అంటే ఒంటికి చుట్టే తెల్లబట్ట, పుట్టింటి నుంచి రావాలని వాళ్లలో ఆనవాయితీ. మనలో తల్లిగారింటి చీర లాంటిదే. బీచిన్నమ్మ బతికినన్నాళ్లూ ఎవర్నీ ఏదీ అడిగిన మనిషి కాదు. పోయిన వానకాలంలో జ్వరంతో పడుకున్నప్పుడు మాత్రం నా చెయ్యి పట్టుకుంది. ఇన్నేళ్లు మిర్యాలగూడలో ఉన్నా ఆమె మాటలో కోదాడ పోలేదు. "నర్సీ, నేను పోతే నాకు బజారు కఫన్ చుట్టకండి నాన్నా. మా అన్నకు చెప్పండి, తెస్తాడు." నాకు నోటి దురుసు ఎక్కువ. తేకుంటే ఏం చేద్దామని అడిగాను. ఆమె నొచ్చుకోలేదు. తెస్తాడు అని ఇంకోసారి చెప్పి, అటు తిరిగి పడుకుంది.

ఆ టైర్ల షాపు ఇప్పుడు గఫూర్ కొడుకులది. ఎప్పుడో కోదాడ మీదుగా పోతూ బోర్డు మీది నంబరు ఫోన్లో ఎక్కించుకున్నాను. మోగగా మోగగా ముసలి గొంతు పలికింది. నేనెవరో చెప్పి, మీ చెల్లెలు పోయింది మామా అన్నాను. చిన్నమ్మ అన్న కాబట్టి వరుసకు మామే, కానీ ఆయన్ను ఆ మాటతో పిలవడం అదే మొదలు. అవతల లారీల హారన్లు మోగుతున్నాయి. తర్వాత దఫన్ ఎప్పుడు, మట్టి ఎన్నింటికి అని అడిగాడు. మధ్యాహ్నం జుహర్ నమాజ్ అయ్యాక అన్నాను. కఫన్ సంగతి కూడా చెప్పాను. వస్తాననీ అనలేదు, రాననీ అనలేదు, పెట్టేశాడు.

దారిలో సుగుణ బట్టల షాపు ముందు కారు ఆపమంది. ఇప్పుడు షాపింగ్ ఏందని కసిరాను. ముత్తైదువగా పోయిన మనిషికి చీర పెట్టకుండా ఎట్లా పోతామని ఆమె నన్నే కసిరి, ఎర్రంచు పసుపు చీర, గాజులు, పసుపూ కుంకుమా కొనుక్కొచ్చి ఒళ్లో పెట్టుకుంది. చిన్నమ్మ నుదుట కుంకుమ పెట్టుకోగా మేమెప్పుడూ చూసిన వాళ్లం కాదు. అయినా ఆ సమయానికి మా ఇద్దరికీ అది తట్టలేదు. మాకు తెలిసిన మర్యాద అదొక్కటే.

హైస్కూలు చదువు నాకు మిర్యాలగూడలో, బీచిన్నమ్మ ఇంట్లో. మా నాన్న నన్ను అక్కడ దింపేవాడు, తను మాత్రం గడప లోపలికి వచ్చేవాడు కాదు. అరుగు మీదే కూర్చొని, హోటల్ నుంచి చాయ్ తెప్పించుకొని తాగి లేచేవాడు. కొడుకు తింటే పోని కులం తను తాగితే పోయేదేమో. మిల్లుల పక్క వీధి అది. వడ్లు ఉడికే వాసన పొద్దున్నే ఇంట్లోకి వచ్చి, రాత్రి దుప్పట్ల దాకా పోయేది కాదు. ఊక బూడిద నల్లగా ఎగిరొచ్చి ఆరేసిన బట్టల మీద పడేది. చిన్నమ్మ ఒక్కో బట్టనూ రెండు చేతులా దులిపి, వాసన చూసి, మిల్లు వాళ్లను కాసేపు తిట్టి మడత పెట్టేది. ఆమె తిట్లు కూడా మెత్తగా ఉండేవి. వాళ్ల మిషన్ పాడుగాను అనేది, మనుషుల్ని అనేది కాదు.

తెల్లవారక ముందే నమాజ్ అయ్యేది. ఆ తర్వాత ఇత్తడి గిన్నెలో చాయ్, ఆ తర్వాత వీధి పిల్లలు. నెత్తికి చున్నీలు చుట్టుకున్న ఆడపిల్లలు వరుసగా కూర్చొని అరబ్బీ అక్షరాలు వల్లెవేస్తుంటే, ఆమె పొయ్యి ముందు నుంచి లేవకుండానే ఎవరు తప్పు పలికారో చెప్పేది. ఒక గూట్లో బాబాయి ఎల్లమ్మ పటం, ఇంకో గూట్లో ఆమె నమాజుకు పరుచుకునే జానమాజ్. పటం ముందు దీపం ఆయన పెట్టాలి, ఆయన లారీ మీద పోయిన రోజు నేను పెట్టాలి. నూనె అయిపోయిందని మాత్రం ఆమే గుర్తు చేసేది. రోజాల్లో తెల్లవారుజామున సహరీ తినడానికి ఆమె లేస్తే నేనూ లేచేవాణ్ని. ఉపవాసం నాది కాదు గానీ ఖీమా నాది. ఖిచిడీ, ఖట్టా పెట్టి, చదువుకునే పిల్లగాడికి ఉపవాసమెందుకు, తిను నాన్నా అంటూ కొసరి కొసరి వడ్డించేది. నా చిన్నతనమంతా ఆ కొసరు మీదే నడిచింది.

రంజాన్ పండుగ ముందు రోజు మాత్రం ఆ ఇల్లు నాకు బాగుండేది కాదు. పండుగకు ఆడబిడ్డలకు అన్నదమ్ములు గాజులో బట్టలో పంపడం వాళ్ల రివాజు. పక్కింటి వాళ్లకు, ఎదురింటి వాళ్లకు వచ్చేవి, ఒకరికొకరు చూపించుకునేవాళ్లు. చిన్నమ్మకు కూడా వచ్చేవి. బాబాయి లారీ దిగుతూ కాగితం పొట్లం అందించి, కోదాడ లారీలో వచ్చినయి అనేవాడు. ఆ గాజులు మిర్యాలగూడ బజారులో ఆయనే కొన్నాడని ఆయనకు తెలుసు, నాకు తెలుసు, ఆమెకూ తెలుసు. ఆమె అవి తొడుక్కొని, చేతులు చాపి, మా అన్న పంపాడు అని పక్కింటి వాళ్లకు చూపించేది. పండుగ నాడు ఒక కంచం ఎక్కువ పెట్టి, తలుపు బార్లా తీసి, పగటి పూటంతా గడపలో కూర్చునేది. ఇప్పుడు ప్రతి జేబులో ఫోనుంది. మా బంధువుల్లోనే పిల్లలు ఏ కులం వాళ్లను, ఏ మతం వాళ్లను చేసుకున్నా ముందు నాలుగు రోజులు ఏడ్చి, ఐదో రోజు ఫంక్షన్ హాల్ మాట్లాడుకుంటున్నాం. ఆమె ఏం నేరం చేసిందని అన్నేళ్లు గడపలో కూర్చుందో నాకు అప్పుడూ అర్థం కాలేదు, ఇప్పుడూ కావడం లేదు.

మేం చేరేసరికి వీధి నిండా జనం. ఆమె దగ్గర అక్షరాలు నేర్చుకున్న పిల్లలు నడివయసు ఆడవాళ్లై, తమ కూతుళ్లను కోడళ్లను తీసుకొని వచ్చారు. ఊదుబత్తుల పొగ, లోపల చదువుతున్న సన్నని గొంతులు. బాబాయి మంచం మీద గోడకానుకొని ఉన్నాడు. నన్ను చూడగానే, ఏమన్నడు అని అడిగాడు. ఏమీ అనలేదని చెప్పాను. సుగుణ చీరా పసుపూ కుంకుమా తీసుకొని లోపలికి పోయి, కాసేపటికి ఏడ్చుకుంటూ బయటికొచ్చింది. కఫన్ తెల్లగా, కుట్టు లేకుండా ఉండాలట, రంగు చీరలు పనికిరావట. వాళ్లేమీ కసురుకోలేదు. గఫూర్ రాకపోతే ఎట్లా అని వీధి వాళ్లు బజారు నుంచి తెచ్చిన కఫన్ కూడా అక్కడే ఒక మూల కాగితంలో చుట్టి ఉంది. చివరికి పక్కింటి షాహీన్ సుగుణ చేతిలోంచి చీర తీసుకొని, అక్కా, ఇది డోలా మీద కప్పుదాం, అందరూ కప్పుతరు అన్నది. డోలా అంటే మసీదు నుంచి తెచ్చే పాడె. పసుపూ కుంకుమా సుగుణ మళ్లీ సంచిలో పెట్టుకుంది.

స్నానం చేయించడం అయిపోయింది. జుహర్ అజాన్ అయిపోయింది. గఫూర్ రాలేదు. ఫోన్ చేస్తే ఎత్తలేదు. మయ్యత్‌ను ఎక్కువసేపు ఉంచకూడదని పెద్దలు ఒకరికొకరు చెప్పుకోవడం వినపడుతోంది. వాళ్లదీ తప్పు కాదు. మసీదు ఇమాం కుర్రవాడే గానీ నెమ్మదస్తుడు. బాబాయి మంచం దగ్గరికొచ్చి, ఏం చేద్దాం చాచా అని అడిగాడు. "అసర్ నమాజ్ దాంక సూడుండ్రి బేటా. వస్తడు" అన్నాడు బాబాయి. బీచిన్నమ్మ అన్న మాటే ఈయనా అంటుంటే నాకు ఏడుపూ కోపమూ కలిసి వచ్చాయి. ఎవడొస్తాడు, ఇన్నేళ్లు రానివాడు ఈ రెండు గంటల్లో వస్తాడా అని నోటి దాకా వచ్చింది. ఆ మూలనున్న కాగితం పొట్లం వైపు చూడకుండా ఉండటానికి బయటికొచ్చి నిలబడ్డాను.

వీధి మొదట్లో ఆటో ఆగింది. తెల్ల లాల్చీ, తెల్ల టోపీ, గడ్డమంతా నెరిసిన పొడుగు మనిషి దిగాడు. ఒంటరిగా వచ్చాడు. కొడుకులకు చెప్పకుండా హుజూర్‌నగర్ బస్సెక్కి, అక్కడ బస్సు మారి, దారి అడుక్కుంటూ వచ్చానని తర్వాత చెప్పాడు. చంకలో బట్టల షాపు కవరు. గేటు దగ్గరే ఆగిపోయి ఆ కవరు నా చేతికిచ్చాడు. లోపలికి రండి అన్నాను. తల అడ్డంగా ఊపి గోడ నీడన నిలబడ్డాడు. ఆ కవరు పట్టుకొని లోపలికి పోయాను. కోదాడ నుంచి వచ్చింది అని ఒక్క మాటే అన్నాను. లోపల ఆడవాళ్లంతా ఒక్కసారిగా గొల్లుమన్నారు. మంచం మీద బాబాయి మాత్రం కళ్లు మూసుకున్నాడు.

కఫన్ చుట్టి, చివరి చూపుకు వాకిట్లోకి తెచ్చారు. మొహం మీద బట్ట తొలగించగానే గఫూర్ మామ దగ్గరికొచ్చి వంగి చూశాడు. చాలాసేపు చూశాడు. నా పక్కన ఉన్నాడు కాబట్టి నాకొక్కడికే వినపడింది. "ఇంత ముసల్ది అయిపోయిందా" అన్నాడు. ఆయన కళ్లలో ఇన్నేళ్లూ అన్నం గిన్నె పట్టుకొని షాపుకొచ్చిన పిల్లే ఉండిపోయినట్టుంది.

డోలా మీద ఎర్రంచు చీర కప్పారు. మసీదులో నమాజ్ జరిగినంతసేపు నేను బయట చెప్పుల దగ్గర నిలబడ్డాను, ఆ తర్వాత ఖబరస్తాన్ దాకా అందరితో పాటు వంతులవారీగా భుజం పట్టాను. గొయ్యి దగ్గర ఇమాం మెహ్రం ఎవరని అడిగాడు. ఆడమనిషిని దించేటప్పుడు తండ్రో, కొడుకో, తోడబుట్టినవాడో, అట్లాంటి దగ్గరి రక్తం వాళ్లే గోతిలో దిగి అందుకోవాలట. బాబాయి మంచం దిగలేడు. ఆమె బిడ్డలు లేని మనిషి. ఉన్నది అన్న ఒక్కడే. గఫూర్ మామ గట్టున కూర్చొని కాలు దించబోయి, దించలేక ఆగిపోయాడు. మోకాళ్లు వంగడం లేదు. జమాతు పెద్దలు ఇద్దరు దిగడానికి ముందుకొచ్చారు. ఆయన చెయ్యెత్తి వాళ్లను ఆపి, నన్ను చూపించాడు.

"ఈ అబ్బాయి దిగుతాడు. నా చెల్లెలి పాలు తాగి పెరిగినవాడు."

నేను బిత్తరపోయాను. నేను పుట్టినప్పుడు మా అమ్మకు జ్వరం పట్టుకొని పాలు ఎండిపోయాయి. మేకపాలు నాకు పడలేదు. సరిగ్గా అప్పుడే బీచిన్నమ్మకు పుట్టిన బిడ్డ పురిట్లోనే పోయింది. ఆ కోడలి మొహం చూడనని ఒట్టు పెట్టుకున్న మా నాయనమ్మే నన్ను గొంగట్లో చుట్టుకొని, బస్సెక్కి మిర్యాలగూడ పోయి, మాట్లాడకుండా ఆమె ఒళ్లో పెట్టిందట. నెలల తరబడి నన్ను బతికించింది ఆ పాలే. ఊళ్లో నా ఈడు వాళ్లకు ఇదొక ఎగతాళి. తురక పాలు తాగినోడా అని ఏడిపిస్తే వాళ్ల వెంటపడి కొట్టేవాణ్ని. ఆ మాటకు ఒక చోట ఇంత విలువ ఉంటుందని నాకు తెలియదు. కోదాడలో ఉన్న మనిషికి ఇది ఎట్లా తెలుసని తర్వాత అడిగితే, మిర్యాలగూడ లారీ ఏదైనా తన షాపు ముందు ఆగకుండా పోయిందా అని ఆయన నన్నే అడిగాడు. ఆగిన ప్రతి డ్రైవర్నీ అడిగేవాడట.

ఆయన హిందువు గదా అని వెనక ఎవరో గొణిగారు. ఇమాం అటు తిరిగాడు. "పాలు తాగినోడు కొడుకే అయితడు. వజూ చేసుకొని దిగమనండి" అన్నాడు. నల్లా దగ్గర చేతులూ, మొహమూ, కాళ్లూ కడుక్కున్నాను. ఏది ముందో ఏది తర్వాతో నాకెవరూ చెప్పాల్సిన పని పడలేదు. రోజూ చూసినవాణ్ని.

ఆడమనిషిని దించుతుంటే నలుగురి కంటా పడకుండా గొయ్యి మీద పరదా పట్టాలి. డోలా మీది చీరనే తీసి నాలుగు మూలలా నలుగురు పట్టుకున్నారు. దాని కింద నేను, ఖబర్ తవ్విన పెద్దాయన. పైనుంచి అందిస్తే చేతులు చాపి అందుకున్నాను. ఏమీ బరువు లేదు. ఏం తిన్నదో, ఏం తినలేదో, ఇంత తేలికైపోయింది. చీరలోంచి పడిన వెలుగు పచ్చగా ఆ తెల్లబట్ట మీద పరుచుకుంది. పెద్దాయన చెప్పినట్టు ముడులు వదులు చేసి, మొహం పడమటికి తిప్పాను. ఆ క్షణం ఆ చీర నీడలో ఆమె, నేను తప్ప లోకంలో ఇంకెవరూ లేనట్టే అనిపించింది. అమ్మా అన్నాను. బతికుండగా ఒక్కసారి కూడా ఆమెను ఆ మాటతో పిలవలేదు. పైకి ఎక్కలేకపోతే ఇద్దరు చెరో చెయ్యి పట్టి లాగారు. బండలు పరిచాక అందరితో పాటు మూడు పిడికిళ్ల మట్టి వేశాను.

తిరిగొచ్చాక గేటు ముందు ఆగిపోయాను. చావుకు పోయొచ్చి స్నానం చేయకుండా ఇంట్లో అడుగు పెట్టకూడదని మాకు చిన్నప్పటి నుంచి అలవాటు. అక్కడ ఆ పట్టింపు లేదు. పక్కిళ్ల నుంచి గిన్నెల్లో అన్నాలు, దాల్చా వచ్చాయి, వచ్చినవాళ్లు వచ్చినట్టే చేతులు కడుక్కొని తింటున్నారు. గఫూర్ మామ కూడా గేటు దగ్గరే ఆగాడు. ఆయన్ను చూసి నేనూ, నన్ను చూసి ఆయనా కాసేపు నిలబడి, ఇద్దరం కలిసే లోపలికి పోయాం. బాబాయి మంచం పక్కన స్టూలు ఖాళీగా ఉంది. ఆయన కూర్చోలేదు. ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ఇద్దరి గడ్డాలూ నెరిశాయి.

"బతికుండంగ రాకపోతివి గఫూర్" అన్నాడు బాబాయి. ఆ మాటలో కోపం లేదు. "ఏ పండుగ్గన్న వస్తవని గడపల కూసుండేది."

"నువ్వు పిలుస్తావని చూశాను" అన్నాడు గఫూర్ మామ. "ఆమెను తీసుకెళ్లినోడివి నువ్వు. ఒక్కసారి షాపుకొచ్చి, రా బావా అంటావని ప్రతి పండక్కీ చూశాను."

"చెల్లెలింటికి అన్నను పిలుస్తరా ఎవరన్న? అన్న తనంత తనే రావాలె. నేను పిలిస్తే నీకే నామోషీ అయితదనుకున్న."

గఫూర్ మామ తల వంచుకున్నాడు. "పిలవకుండా ఎట్లా రావాలో తెలియలేదురా సైదులూ. ఇవాళైతే పిలుపుతో పని లేదు గదా. వచ్చాను."

బాబాయి బాగున్న చెయ్యి చాపాడు. గఫూర్ మామ ఆ చెయ్యి పట్టుకొని స్టూలు మీద కూలబడ్డాడు. కోదాడకూ మిర్యాలగూడకూ మధ్య ఉన్నది రెండు బస్సుల దూరం. నాకు వాళ్లిద్దరి మీదా పట్టరాని కోపం వచ్చింది, ఇద్దర్నీ చెరో చెంపా వాయించాలనిపించింది. చేతులకు ఇంకా ఖబరస్తాన్ మట్టి ఉంది. తలుపు దగ్గర నిలబడి చూస్తూ ఉండిపోయాను. అన్నా, భర్తా పక్కపక్కన కూర్చొని ఏడవడానికి ఆమే చచ్చిపోవలసి వచ్చింది.